దిఖ్ సే గయీ: టీబీ చరిత్రలో మనం చదవని పేజీ

మన ఇళ్లలో పిల్లలు అల్లరి చేస్తే అమ్మీలు విసుక్కుని అనే మాట ఒకటుంది: "దిఖ్ మత్ కరో!" సతాయించొద్దు, ప్రాణాలు తోడొద్దు అని. ఆ మాట వినకుండా పెరిగిన వాళ్లు మనలో ఉండరు. అదే మాటకి ఇంకో అర్థం ఉందని నాకు చాలా ఏళ్లకి గానీ తెలియలేదు. తపె దిఖ్. అంటే టీబీ. తెలుగులో క్షయ. అరబ్బీలో దిఖ్ అంటే సన్నం, పలుచన. మనిషిని లోపలి నించి కరిగించి సన్నం చేసే జ్వరం కాబట్టి పాత హకీములు దానికి ఆ పేరు పెట్టారు. ఊపిరితిత్తుల్లో పుండు పడితే సిల్ అన్నారు. రెండూ కలిపి "దిఖ్ వ సిల్" అని యునానీ కితాబుల్లో కనిపిస్తుంది. ఉర్దూలోకి వచ్చాక ఆ దిఖ్‌కి మనసు నలిగిపోవటం, విసిగిపోవటం అన్న అర్థం కూడా వచ్చి చేరింది. ఒకే మాటలో ఒంటి బాధ, మనసు బాధ రెండూ ఉన్నాయి.

మా నానీకి ఒక చెల్లెలు ఉండేదట. మేమెవరం ఆమెని చూడలేదు. ఎలా పోయింది అని అడిగితే నానీ ఒక్కటే మాట అనేది: "దిఖ్ సే గయీ." మిగతా సంగతి అమ్మీ ముక్కలు ముక్కలుగా చెప్పింది. నిఖా అయిన రెండేళ్లకి దగ్గు, సాయంత్రం జ్వరం. ససురాల్ వాళ్లు మైకాకి పంపేశారు. ఇంటి వెనక దాలాన్‌లో మంచం వేశారు. విడిగా గ్లాసు, విడిగా కంచం. మందులు మింగింది. ఒళ్లు తేరుకుంది. కఫంలో ఇక ఏమీ లేదని డాక్టరు చెప్పాడు. అయినా ససురాల్ నించి తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు. ఆమె గ్లాసు దాలాన్ దాటి ఇంట్లోకి రాలేదు. కొన్ని నెలలకి పోయింది. "జబ్బు తగ్గాక దిఖ్‌తో ఎలా పోతారమ్మా?" అని అమ్మీ ఒకసారి నానీని అడిగిందట. నానీ జవాబివ్వకుండా లేచి వుజూకి వెళ్లిపోయిందట.

ఆమె ఏ దిఖ్‌తో పోయింది? ఆ ప్రశ్నతోనే నేను టీబీ చరిత్ర చదవటం మొదలుపెట్టాను.

హకీములకి తెలిసిన సంగతి

ముందుగా మన వాళ్లు ఏమన్నారో చూద్దాం. ఇబ్న్ సీనా తన "అల్ ఖానూన్"ని 1025 ప్రాంతంలో పూర్తి చేశాడు. ఒకరి నించి ఒకరికి అంటే జబ్బుల్లో సిల్‌ని కూడా లెక్కపెట్టాడు. ఇది చాలామందికి తెలుసు, గర్వంగా చెప్పుకుంటారు కూడా. తక్కువ మందికి తెలిసిన పేరు ఇంకొకటుంది. అబూ జైద్ అల్ బల్ఖీ. ఇబ్న్ సీనా పుట్టటానికి దాదాపు యాభై ఏళ్ల ముందే, 934లో, చనిపోయాడు. ఇప్పటి అఫ్ఘానిస్తాన్‌లోని బల్ఖ్ ప్రాంతం వాడు. "మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్" అని ఒక కితాబు రాశాడు. ఒంటి మేలు, మనసు మేలు అని ఆ పేరుకి అర్థం.

తన కాలపు వైద్యులు ఒళ్లొక్కటే చూస్తున్నారని బల్ఖీ ఫిర్యాదు. ఒళ్లు జబ్బు పడితే మనసు కుంగుతుంది, మనసు కుంగితే ఒళ్లు తేరుకోదు, రెంటినీ కలిపి చూడాలి అన్నాడు. దిగులులో కూడా రకాలు చెప్పాడు. ఒకటి కారణం తెలిసిన దిగులు. ఇంకొకటి ఎందుకో తెలియకుండా మీద పడే దిగులు, దానికి ఒంట్లోనే కారణం ఉండొచ్చు. వెయ్యేళ్ల కిందటి ముసల్మాన్ ఆలిమ్ ఒకడు దిగులుని ఈమాన్ లోపం అనలేదు, జబ్బు అన్నాడు. ఇది గుర్తు పెట్టుకోవలసిన మాట.

యునానీలో "అస్బాబె సిత్తా జరూరియా" అని ఆరు ఉంటాయి. మనిషి సెహత్ నిలబడటానికి కావలసిన ఆరు సంగతులు. గాలి, తిండీ నీళ్లూ, ఒంటి కదలిక-విశ్రాంతి, మనసు కదలిక-విశ్రాంతి, నిద్ర-మెలకువ, ఒంట్లో ఉండాల్సింది ఉండటం పోవాల్సింది పోవటం. మనసుని గాలితో, తిండితో ఒకే వరసలో కూర్చోబెట్టారు. హకీము నాడి పట్టుకుని "రాత్రి నిద్ర పడుతోందా, ఇంట్లో ఏదైనా పరేషానీ ఉందా" అని అడిగేది ఊరికే మర్యాదకి కాదు. అది ఇలాజ్‌లో భాగం.

క్రిమి దొరికింది, మనిషి తప్పిపోయాడు

1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కోక్ అనే డాక్టరు టీబీకి కారణమైన క్రిమిని కనిపెట్టానని ప్రకటించాడు. ఇప్పటికీ మార్చి 24నే ప్రపంచ టీబీ దినం జరుపుతారు. అది పెద్ద విజయం. కానీ క్రిమి తెలిసినా దాన్ని చంపే మందు రావటానికి ఇంకో అరవై ఏళ్లు పట్టింది. ఈ మధ్య కాలంలో దునియా ఎక్కువగా నమ్ముకున్న ఇలాజ్ ఇది: రోగిని ఇంటికి దూరంగా, కొండగాలి వచ్చే చోట, నెలల తరబడి, ఏళ్ల తరబడి మంచం మీద ఉంచటం. దాని పేరు సానటోరియం.

మన దేశంలో అలాంటివాటిలో మొదటిది 1906లో అజ్మేర్ దగ్గర తిలోనియాలో వచ్చింది. మన తెలుగు నేల మీద మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం 1912లో మొదలైంది. మిషనరీలు పెట్టిన ఆ ఆసుపత్రి మద్రాసు రాష్ట్రం నలుమూలల రోగుల్ని చూసింది. 1948లో ఈ దేశంలో బీసీజీ టీకా వేయటం మొదలైంది కూడా మదనపల్లెలోనే. నిజాం ఇలాఖాలో వికారాబాద్ అనంతగిరి గుట్టల మీద ఒకటి వెలిసింది. వీటిని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. మందే లేని రోజుల్లో గాలి, తిండి, విశ్రాంతి ఇచ్చి వాళ్లు చేయగలిగింది చేశారు. కానీ ఆ మంచం మీద పడుకున్న మనిషి తన్హాయీ గురించి రాసినవాళ్లు తక్కువ.

ఆ తన్హాయీ ఎలా ఉంటుందో తెలియాలంటే అందరికీ తెలిసిన ఒక మనిషిని తీసుకుందాం. శ్రీనివాస రామానుజన్. కుంభకోణంలో పెరిగిన గణిత మేధావి. 1914లో కేంబ్రిడ్జ్ వెళ్లాడు. ఆ ఏడాదే పెద్ద జంగ్ మొదలైంది. నిష్ఠగల శాకాహారి, జంగ్ రోజుల్లో ఆయన తినగలిగేది దొరకటం కష్టమైంది. చలి సరేసరి. 1917లో మంచం పట్టాడు. డాక్టర్లు టీబీ అన్నారు. ఒక సానటోరియం నించి ఇంకో దానికి మార్చారు. ఎక్కువ కాలం మ్యాట్లాక్ అనే ఊళ్లో ఉన్నాడు. పరాయి దేశం, ఒంటరి గది. ఇంటి నించి ఉత్తరాలు తగ్గిపోయాయి. భార్య జానకి రాసినవి అత్తగారి చేతుల్లోనే ఆగిపోయేవని ఆయన జీవితచరిత్ర రాసినవాళ్లు చెప్పారు. భార్య తనని మరిచిపోయిందని ఆయన అనుకుని ఉంటాడు.

1918 మొదట్లో లండన్‌లో రామానుజన్ ఖుద్‌కుషీకి ప్రయత్నించాడు. బతికాడు. గాయాలతో ఉన్న ఆయన్ని పోలీసులు పట్టుకున్నారు. ఎందుకంటే అప్పటి ఇంగ్లండ్‌లో అది నేరం. 1961 దాకా అక్కడ అది నేరమే. ప్రొఫెసర్ హార్డీ వెళ్లి నచ్చజెప్పి విడిపించుకొచ్చాడు. ఆ మే నెలలో రాయల్ సొసైటీ ఆయన్ని సభ్యుడిగా ఎన్నుకుంది. అక్టోబరులో ట్రినిటీ కాలేజీ ఫెలోగా తీసుకుంది. ఆయన మళ్లీ పని మొదలుపెట్టాడు. 1919లో ఇంటికి తిరిగొచ్చాడు. 1920 ఏప్రిల్ 26న మద్రాసు చెట్‌పేట్‌లో, 32 ఏళ్ల వయసులో చనిపోయాడు. మంచం మీద గడిపిన ఆ ఆఖరి ఏడాదిలో రాసిన లెక్కల మీద గణితజ్ఞులు ఇప్పటికీ పని చేస్తున్నారు. ఖుద్‌కుషీ నించి బయటపడ్డాక దొరికిన రెండేళ్లవి అవి.

ఆయనకి ఉన్నది అసలు టీబీయేనా అని తర్వాత అనుమానాలొచ్చాయి. కాలేయానికి సోకిన అమీబా జబ్బు అయ్యుండొచ్చని 1994లో ఒక వాదన వచ్చింది. అదే నిజమైతే మన సంగతి ఇంకా బలపడుతుంది. అప్పుడు రామానుజన్‌ని ఖుద్‌కుషీ దాకా తోసినదాంట్లో క్రిమి పాత్ర లేనట్టే. టీబీ అన్న పేరు మీద ఆయనకి దక్కిన బతుకుది ఉంటుంది.

మదీనాలో ఒక ముహాజిర్

ఇక్కడ కొందరు "ఖుద్‌కుషీ హరామ్ కదా, దాని గురించి మాట్లాడటం ఎందుకు" అంటారు. హరామే. అందులో రెండో మాట లేదు. ప్రాణం అల్లాహ్ ఇచ్చిన అమానత్. కానీ ఆ మాటతో నోరు మూయించటం వేరు, ఆ మాటతో మనిషిని కాపాడటం వేరు.

సహీహ్ ముస్లింలో ఒక రివాయత్ ఉంది. తుఫైల్ బిన్ అమ్ర్ దౌసీ (రజి)తో కలిసి ఆయన ఖబీలా మనిషి ఒకడు మదీనాకి హిజ్రత్ చేసి వచ్చాడు. ఆ ఊరి గాలి నీళ్లు పడలేదు. జబ్బు పడ్డాడు. బాధ ఓర్చుకోలేక తన ప్రాణం తానే తీసుకున్నాడు. తర్వాత తుఫైల్ (రజి) అతన్ని కలలో మంచి హాలత్‌లో చూశారు. హిజ్రత్ పుణ్యాన మగ్‌ఫిరత్ దొరికింది, అయినా ఒక లోటు మిగిలిపోయింది అని అతను చెప్పాడట. ఈ కల హుజూర్ (స) ముందు చెబితే, ఆయన ఆ మిగిలిన లోటు కోసం కూడా అల్లాహ్‌ని మాఫీ అడిగి దువా చేశారు.

పరాయి ఊరు, జబ్బు, ఓర్చుకోలేని బాధ. మనం ఇప్పటిదాకా చెప్పుకుంటున్న కథే. అతన్ని హుజూర్ (స) కాఫిర్ అనలేదు. బుజ్‌దిల్ అనలేదు. దువా చేశారు. ఇలా పోయినవాళ్లకి జనాజా నమాజు చదవాలనే హనఫీలతో సహా ఎక్కువమంది ఉలమా చెప్పారు. చనిపోయినవాళ్ల మీదే అంత రహమ్ ఉన్నప్పుడు, ఇంకా బతికుండి "నాకు బతకాలని లేదు" అని చెప్పే మనిషి మీద ఎంత ఉండాలి?

నవ్వు తెప్పించిన మందు, ఏడుపు తెప్పించిన మందు

మందుల సంగతికి వద్దాం. 1943లో అమెరికాలో స్ట్రెప్టోమైసిన్ దొరికింది. 1952లో ఐసోనియాజిడ్ వచ్చింది. చవకైన చిన్న మాత్ర. ఇప్పటికీ మన టీబీ మాత్రల్లో అది ఉంటుంది. ఆ ఏడాది న్యూయార్క్‌లోని సీ వ్యూ ఆసుపత్రిలో ఐసోనియాజిడ్‌నీ, దాని చుట్టం లాంటి ఇప్రోనియాజిడ్‌నీ రోగులకి ఇచ్చి చూశారు. ఏళ్ల తరబడి మంచం దిగనివాళ్లు లేచారు. ఆకలి అన్నారు. వార్డులో నవ్వులు, డ్యాన్సులు. ఆ ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. జబ్బు తగ్గుతున్న సంతోషం ఒక్కటే కాదు, ఇప్రోనియాజిడ్ నేరుగా మనసు మీద కూడా పనిచేస్తోందని డాక్టర్లకి మెల్లగా అర్థమైంది. 1957 కల్లా దాన్ని డిప్రెషన్‌కి వాడటం మొదలుపెట్టారు. కాలేయానికి హాని చేస్తుందని తర్వాత ఆపేశారు గానీ, డిప్రెషన్ మందుల ఖాన్‌దాన్‌లో అది తొలి తరానిది. దిగులుకి మందు టీబీ వార్డులో పుట్టింది.

రెండో వైపు కూడా చెప్పాలి. అదే ఐసోనియాజిడ్ కొద్దిమందిలో మనసుని చెదరగొడుతుంది, నరాల్ని దెబ్బతీస్తుంది. అందుకే దాంతో పాటు బి6 విటమిన్ ఇస్తారు. 1950ల్లోనే వచ్చిన సైక్లోసెరిన్ ఇంకా కఠినం. మామూలు మందులకి లొంగని మొండి టీబీకి దాన్ని నెలల తరబడి వాడేవారు. డిప్రెషన్, భ్రమలు, చచ్చిపోవాలన్న ఆలోచనలు దాని తెలిసిన దుష్ఫలితాలు. ఇప్పుడు మొండి టీబీకి కూడా చాలామందికి ఆర్నెల్ల కొత్త కోర్సు వచ్చింది, సైక్లోసెరిన్ అవసరం తగ్గుతోంది. అయినా "మందులు మొదలుపెట్టాక మా అబ్బా మనిషే మారిపోయారు" అని ఎవరైనా అంటే అది షైతాన్ పని కాదు, తావీజు సంగతి కాదు. డాక్టరుకి ఆ రోజే చెప్పాల్సిన సంగతి. మాత్రలు మీరే ఆపేయొద్దు. ఆపితే క్రిమి మొండికేస్తుంది. డాక్టరు మందు మార్చగలడు, తగ్గించగలడు, మనసుకి వేరే మందు జోడించగలడు.

చెట్‌పేట్ చెప్పిన నిజం

రామానుజన్ చనిపోయిన మద్రాసు చెట్‌పేట్‌లోనే, 36 ఏళ్ల తర్వాత, 1956లో ఒక టీబీ పరిశోధన కేంద్రం మొదలైంది. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి పెట్టాయి. వాళ్ల ముందున్న సవాల్ ఇది: రోగులు లక్షల్లో, సానటోరియం మంచాలు వేలల్లో. మంచం దొరకని పేదవాడికి ఇంట్లోనే మాత్రలిస్తే నయమవుతుందా?

మద్రాసు నగరంలోని పేద రోగుల్ని చీటీలు తీసినట్టు రెండు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుని సానటోరియంలో పెట్టారు. మంచి తిండి, పూర్తి విశ్రాంతి, నర్సులు. రెండో గుంపు ఇరుకిళ్లలోనే, కుటుంబాల మధ్యే ఉండిపోయింది. ఇద్దరికీ ఏడాది పాటు అవే మాత్రలు. 1959లో ఫలితాలు అచ్చయ్యాయి. ఇంట్లో ఉన్నవాళ్లకి కూడా దాదాపు అంతే బాగా నయమైంది. తిండి తక్కువైనా, విశ్రాంతి తక్కువైనా. అంతకంటే పెద్ద సంగతి: ఇంట్లో రోగి ఉన్న కుటుంబాల్లో టీబీ ఎక్కువగా అంటుకోలేదు. ఐదేళ్లు వెంటపడి చూసినా తేడా రాలేదు. ఎందుకంటే ప్రమాదమంతా మందులు మొదలుపెట్టక ముందటిది. మందు సరిగ్గా పడితే కొన్ని వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గిపోతుంది.

ఆ ఫలితంతో దునియా అంతటా సానటోరియంలు మూతపడటం మొదలైంది. టీబీ రోగి ఇంట్లోనే ఉండొచ్చని ప్రపంచానికి రుజువు చేసింది మన దక్షిణాది పేద కుటుంబాలే.

మా నానీ చెల్లెలు జబ్బు పడింది ఆ తర్వాతే. ఇలాజ్ ఆమె ఇంటికొచ్చింది. ఇల్లు మాత్రం సానటోరియంగానే ఉండిపోయింది.

ఎర్రగడ్డలో రెండు గేట్లు

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ అంటే జనానికి రెండు భయాలు. ఒకటి ఛాతీ ఆసుపత్రి, నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన ఇర్రం నుమా భవంతి ఉన్న చోటు. దాని దగ్గర్లోనే మానసిక ఆసుపత్రి. మొదటి గేటుకి మన వాళ్లు మొహం దాచుకుని వెళతారు. రెండో గేటు వైపు చూడను కూడా చూడరు. అమ్మాయికి టీబీ అని తెలిస్తే రిష్తాలు రావని ఒక భయం, "దిమాగ్ ఖరాబ్" అంటారని ఇంకో భయం. రెంటి మధ్యా పేషెంటు నలుగుతుంది.

ప్రపంచంలో టీబీ వచ్చేవాళ్లలో నలుగురిలో ఒకరు మన దేశంలోనే ఉన్నారు. టీబీ ఉన్నవాళ్లలో పదిమందిలో నలుగురైదుగురికి డిప్రెషన్ లక్షణాలు కనిపిస్తాయని పలు దేశాల అధ్యయనాల్ని కలిపి చూసినవాళ్లు చెబుతున్నారు. జబ్బు ఒంటిని పీలుస్తుంది, సంపాదన ఆగుతుంది, మందులు కడుపుని, కొందరిలో మనసుని తిప్పుతాయి, చుట్టాలు దూరం జరుగుతారు. అన్నీ ఒకేసారి. మనసు కుంగినవాళ్లు మందులు మధ్యలో ఆపేస్తారు. అలా దిగులు ప్రాణాల్ని రెండు దారుల్లో తీస్తుంది.

చట్టం కూడా మారింది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఖుద్‌కుషీకి ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడమంది, శిక్షించొద్దంది. 2024 జులై నించి అమల్లోకొచ్చిన కొత్త శిక్షాస్మృతిలో పాత 309 సెక్షనే లేదు. కాబట్టి కేసు అవుతుందని భయపడి ఆసుపత్రికి తీసుకెళ్లకుండా ఉండొద్దు.

ఇయాదత్

జబ్బు మనిషిని పరామర్శించటం, ఇయాదత్, ఒక ముసల్మాన్ మీద ఇంకో ముసల్మాన్‌కి ఉన్న హక్కు. టీబీ వచ్చిన ఇంటికి మాత్రం మనం ఇయాదత్‌కి వెళ్లం. వెళితే ఏం చేయాలో తెలియదు కూడా. అందుకే ఈ నాలుగు మాటలు.

టీబీ దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు గాలి ద్వారా వస్తుంది. గ్లాసు ద్వారా రాదు, కంచం ద్వారా రాదు, ముసాఫా చేస్తే రాదు. మొదటి వారాల్లో కిటికీలు తెరిచి ఉంచండి, రోగి మాస్కు పెట్టుకుంటే చాలు. దస్తర్‌ఖాన్ వేరు చేయొద్దు. రమజాన్‌లో రోజా ఉండలేకపోయానని కుమిలిపోతుంటే, బీమార్‌కి అల్లాహ్ ఇచ్చిన రుఖ్సత్ ఉందని, నయమయ్యాక ఖజా చేసుకోవచ్చని గుర్తు చేయండి. ప్రభుత్వం పోషణ కోసం నెలకి వెయ్యి రూపాయలు ఇస్తోంది, పేరు నమోదయిందో లేదో కనుక్కోండి.

మనిషి తిండి మానేసినా, నిద్రపోకున్నా, "నేను మీకు బోఝ్" అంటున్నా, వస్తువులు పంచిపెడుతున్నా పక్కన కూర్చుని సూటిగా అడగండి: చచ్చిపోవాలనిపిస్తోందా? అడిగితే ఆ ఆలోచన పుట్టదు. దాచుకున్నది బయటికొస్తుంది. "తౌబా తౌబా, అలా అనకూడదు" అని ఆపకండి. వినండి. ఒంటరిగా వదలొద్దు. ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. సబ్ర్ చేయమని చెప్పటం తేలిక. ఆ సబ్ర్‌కి తోడు కూర్చోవటమే ఇయాదత్.

నానీ ఆ రోజు జవాబు చెప్పకుండా వుజూకి ఎందుకు లేచిపోయిందో ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది. ఆమెకి తెలుసు. చెప్పటానికి మాట లేదు. అందుకే రెండర్థాలున్న ఒక మాట వాడుకుని బతికింది. మన పిల్లలకి మనం ఆ సంగతిని ఒక్క అర్థమున్న మాటల్లో చెబుదాం. బీమారులందరికీ అల్లాహ్ షిఫా ఇవ్వాలి, మా నానీ చెల్లెలికి మగ్‌ఫిరత్ ఇవ్వాలి. ఆమీన్.